అప్‌డేట్: నలుగురితో కూర్చుని కోడ్ రాయడం మొదలుపెట్టాక

ట్యుటోరియల్ చూస్తున్నంతసేపూ అన్నీ అర్థమవుతాయి, ఖాళీ ఫైల్ తెరిస్తే మాత్రం చేతులు ఆడవు, ఏం చేయాలి అని అడిగాను కదా. ఒక్కడివే కుస్తీ పట్టకు, తోటివాళ్లతో కలిసి చిన్న ప్రోగ్రాములు రాయమన్నారు. అదే చేస్తున్నాం.

ఎంచుకున్నది గణిత శాస్త్రజ్ఞుడు జాన్ కాన్వే గేమ్ ఆఫ్ లైఫ్, 1970 నాటిది. గళ్ల గ్రిడ్‌లో ఒక్కో గడి బతికైనా ఉంటుంది, ఖాళీగానైనా ఉంటుంది; చుట్టూ ఉన్న గళ్లను బట్టి ప్రతి అడుగులో మారుతుంది. బతికున్న గడి పక్కన 2 లేదా 3 గళ్లు బతికుంటే అది నిలుస్తుంది. ఖాళీ గడి చుట్టూ సరిగ్గా 3 ఉంటే అక్కడ కొత్తది పుడుతుంది. ఇద్దరికి ఒక కీబోర్డు, 45 నిమిషాలు. ముందు ఫెయిలయ్యే టెస్టు (కోడ్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసే చిన్న ప్రోగ్రామ్), ఆ తర్వాతే కోడ్. టైమ్ అవగానే మొత్తం డిలీట్! మొదట్లో ప్రాణం ఉసూరుమనేది. కానీ మళ్లీ రాసేటప్పుడు చెయ్యి పాత దారిలో పోదు. ముందు గ్రిడ్ అంతా అర్రేలో (నంబర్లతో వెతికే పట్టికలో) పెట్టాం, అంచుల దగ్గర లేని గడిని అడిగితే వచ్చే ఇండెక్స్ ఎర్రర్లతోనే సగం టైమ్ పోయింది. తర్వాత నాతో కూర్చున్నావిడ బతికున్న గళ్ల కోఆర్డినేట్లు (ఏ అడ్డు వరుస, ఏ నిలువు వరుస అన్న నంబర్లు) మాత్రమే ఒక సెట్‌లో, అంటే ఒకే విలువ రెండుసార్లు రాని గుంపులో, పెడదాం అంది. అంచుల గొడవే లేదు. నాకైతే అది తట్టేదే కాదు.

ఒక్క మాట: కీబోర్డు చేతులు మారాలి. లేదంటే బాగా వచ్చినవాళ్లే టైప్ చేస్తారు, మిగతావాళ్లు ప్రేక్షకులు. మేం టెస్టు ఒకరు, దాన్ని పాస్ చేయించే కోడ్ ఇంకొకరు రాస్తున్నాం. ఈసారి ‘ఇఫ్’ (కోడ్‌లో ‘ఇలా అయితే ఇది చెయ్యి’ అని షరతు పెట్టే మాట) వాడకుండా రాయాలట, చూద్దాం.