దోబూచి ఫొటోలు: చాటు నుంచి తొంగిచూసే ముఖం మీకెలా చిక్కింది?

ఆకుచాటు:
మా అక్క కూతురికి మూడేళ్ళు. నన్ను చూస్తే చాలు, కర్టెన్ వెనక్కి పరుగు. నేనింకా చూస్తున్నానా లేదా అని మళ్ళీ మెల్లగా తొంగిచూస్తుంది. ఆ చూపు కోసం మొన్న ఒక పూటంతా కూర్చుని నలభై దాకా తీశాను. దాదాపు అన్నింటిలోనూ కర్టెన్ మీది పువ్వులు స్పష్టంగా వచ్చాయి, పాప ముఖం మసక. ఒక్కటి మాత్రం కుదిరింది. కర్టెన్ అంచు పట్టుకున్న నాలుగు వేళ్ళు, వాటి పైన ఒకే ఒక కన్ను, ఆ కంట్లో కిటికీ వెలుగు చుక్క. నోరు కనబడదు, అయినా నవ్వుతోందని తెలిసిపోతుంది. పూర్తి ముఖంతో తీసినవాటి కంటే ఇదే ఇంట్లో అందరికీ నచ్చింది. మనిషి కానీ, జంతువు కానీ, ఇంకేదైనా కానీ, ఇలా తొంగిచూసేవాటిని మీరెలా తీస్తున్నారు? ముఖ్యంగా ఫోకస్ సంగతి చెప్పండి.

తొర్రపిట్ట:
ఆ వేళ్ళే ఫొటోకి ప్రాణం అనిపిస్తోంది. ఫోకస్ విషయానికొస్తే, కెమెరాకి వదిలేస్తే చాలాసార్లు దగ్గరున్నదాన్నే పట్టుకుంటుంది. అందుకే మీకు కర్టెన్ దొరికింది. కంటిని గుర్తుపట్టే ఫోకస్ కూడా సగం ముఖం దాగి ఉంటే తడబడుతుంది. సింగిల్ పాయింట్, అంటే ఒకే చుక్క మీద ఫోకస్ చేసే పద్ధతి, పెట్టుకుని ఆ చుక్కని కన్ను ఎక్కడ బయటపడుతుందో అక్కడ ఉంచండి. ఆకుల సందుల్లోంచి తీసేటప్పుడు నేను మాన్యువల్‌కి, అంటే ఫోకస్‌ని చేత్తో సరిచేసుకునే పద్ధతికి, మారిపోతాను, ఫోకస్ పీకింగ్ ఆన్ చేస్తే స్పష్టంగా ఉన్న అంచులు స్క్రీన్ మీద రంగులో మెరుస్తాయి. అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అది చిన్నదై, స్పష్టంగా వచ్చే లోతు పెరుగుతుంది) ఎఫ్/2.8 పెట్టి బాగా దగ్గర నుంచి తీస్తే కన్ను ఒక్కటే నిలుస్తుంది, వేళ్ళు కరిగిపోతాయి. వేళ్ళు కూడా కావాలంటే ఎఫ్/5.6 దాకా వెళ్ళాల్సిందే.

ఉడుత_మిత్రుడు:
నేను ఒకే చెట్టు తొర్ర ముందు పదకొండు ఉదయాలు కూర్చున్నాను. ఉడుత ఒక్కసారిగా బయటికి రాదు. ముందు మీసాలు కదులుతాయి, తర్వాత ముక్కు. ఆ తర్వాత తల పక్కకి తిప్పి ఒక కన్నుతో చూస్తుంది, దాని కళ్ళు తలకి చెరో పక్కన ఉంటాయి కదా. చటుక్కున లోపలికి పోతుంది. తొందరపడి అప్పుడే క్లిక్ చేస్తే ఖాళీ తొర్ర మిగులుతుంది. కదలకుండా ఉంటే మళ్ళీ వస్తుంది. ఈసారి ముందు కాళ్ళు రెండూ తొర్ర అంచు మీద ఆనించి, గడప మీద చేతులు పెట్టి వీధిలోకి చూసే మనిషిలా నిలబడుతుంది. నాకు కావాల్సింది ఆ రెండో చూపు. షటర్ వేగం సెకనులో వెయ్యో వంతు (1/1000) దగ్గర ఉంచుతాను.
ఇంకో మాట. తొర్ర లోపలి చీకటి చూసి కెమెరా మొత్తం ఫొటోని వెలిగించేస్తుంది, ముఖం తెల్లగా పాలిపోతుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గిస్తే, అంటే వెలుగు సగానికి దించితే, తొర్ర నల్లగానే ఉంటుంది, ముఖం సరిగ్గా వస్తుంది.

నీలిరెక్క:
ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. గూట్లోంచి తలలు పైకెత్తిన పిల్లపిట్టలు చక్కగా కనబడాలని అడ్డుగా ఉన్న చిన్న కొమ్మని పక్కకి వంచి కట్టాను. కాసేపటికి ఎండ నేరుగా గూటి మీద పడింది, పిల్లలు నోళ్ళు తెరిచి రొప్పడం మొదలుపెట్టాయి. తల్లి చుట్టుపక్కలే తిరుగుతూ అరుస్తోంది తప్ప దగ్గరికి రాలేదు. వెంటనే కొమ్మ వదిలేసి దూరంగా వచ్చేశాను. నాకు అడ్డంగా కనబడిన ఆ కొమ్మ వాటికి నీడ, కాకుల కంటపడకుండా కాపాడే తెర కూడా. ఆ రోజు తీసినవన్నీ చెరిపేశాను. గూళ్ళ జోలికి వెళ్ళకండి, ఫ్లాష్ అసలే వద్దు. ఆ ఆకు అడ్డొస్తే అడ్డు రానివ్వండి, తొంగిచూడటం అంటేనే అడ్డు ఉండటం కదా.

కొండకొన:
మీ అందరివీ ప్రాణులు. నాది సూర్యుడు, చంద్రుడు. కొండ అంచు నుంచి సూర్యుడు రవ్వంత బయటపడ్డప్పుడు ఎఫ్/16 పెట్టి తీస్తే నక్షత్రంలా కిరణాలు విచ్చుకుంటాయి. ఎన్ని కిరణాలన్నది లెన్స్‌లోని అపెర్చర్ బ్లేడ్లని, అంటే ఆ రంధ్రాన్ని చిన్నది చేసే రేకులని, బట్టి ఉంటుంది. సరిసంఖ్య అయితే అన్నే, బేసి అయితే రెట్టింపు. నా లెన్స్‌లో 7 బ్లేడ్లు, కాబట్టి 14 కిరణాలు. వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి చూడకండి, స్క్రీన్ మీదే చూసుకోండి.
చంద్రుడైతే దిగంతం మీద తొలి అంచు కనబడ్డాక పూర్తిగా బయటికి రావడానికి రెండు నిమిషాలకి కాస్త అటూఇటూ పడుతుంది, భూమధ్యరేఖకి దూరం వెళ్ళేకొద్దీ ఇంకొంచెం ఎక్కువ. ట్రైపాడ్, ఫోకస్ అన్నీ ముందే సిద్ధంగా ఉండాలి.
సంపూర్ణ సూర్యగ్రహణంలో చంద్రుడి అంచున ఉన్న లోయల్లోంచి సూర్యకాంతి ముత్యాల్లా తొంగిచూస్తుంది. 1836 గ్రహణంలో వాటిని చూసి వర్ణించిన ఫ్రాన్సిస్ బెయిలీ పేరుతోనే బెయిలీ పూసలు అంటారు. నేనింకా చూడలేదు. చూడాలని చాలా ఉంది.

ఆకుచాటు:
నీలిరెక్క గారూ, చెప్పినందుకు థాంక్స్. ఒక సందేహం. పాపని "మళ్ళీ ఒకసారి అలా చూడమ్మా" అంటే వచ్చే ఫొటో ఎందుకో బొమ్మలా ఉంటోంది.

గడపదీపం:
అడక్కండి, ఆడండి. మీరే సోఫా వెనక దాక్కోండి, పాప వెతుక్కుంటూ వస్తుంది. పిల్లలకి మనం తీసేవాళ్ళం కాకుండా ఆటలో జత అయినప్పుడే ఆ కళ్ళు వెలుగుతాయి. ఫోన్ అయితే కిందికి దించి, పాప కళ్ళ ఎత్తులో పట్టుకోండి. తీశాక పాపకి చూపించండి, వద్దంటే తీసేయండి, మూడేళ్ళ పిల్ల మాట కూడా మాటే. తలుపు చాటు నుంచి ఎవరో తెలియని మనిషి చూస్తుంటే నేను ముందు నవ్వి, కెమెరా చూపించి, తలూపాకే తీస్తాను. తలుపు వేసేసుకుంటే అక్కడితో సరి.

ఉడుత_మిత్రుడు:
గడపదీపం గారి మాట జంతువులకీ వర్తిస్తుంది. ఇసుకలో పీత బొరియ దగ్గర నడిస్తే అడుగుల అదురుకే లోపలికి పోతుంది. బోర్లా పడుకుని మోచేతులు ఇసుకలో ఆనించి ఊరికే ఉండండి. ముందు కాడల మీద రెండు కళ్ళు మాత్రం పైకి లేస్తాయి, పెరిస్కోపులా.

ఆకుచాటు:
ఈ సాయంత్రం సోఫా వెనక దాక్కున్నాను. చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత సోఫా అంచు మీద ముందు జుట్టు పిలక, ఆ తర్వాత రెండు కనుబొమలు వచ్చాయి. సింగిల్ పాయింట్, ఎఫ్/4. మూడే క్లిక్కులు. రెండోది పాపే ఎంచుకుంది.