త్సీగెన్‌బాల్గ్ ఇంటిపేరు: మేకతోలా, మేకతిత్తా?

ఎల్బే ఒడ్డున:
తమిళనాడు తీరంలోని తరంగంబాడి మిషనరీ బర్తొలొమేయుస్ త్సీగెన్‌బాల్గ్ మీద తెలుగులో ఒక వ్యాసం మొదలుపెట్టి, మొదటి పేరాలోనే ఇరుక్కుపోయాను. ఆయన 1682లో సాక్సనీలోని పుల్స్‌నిత్స్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. 1706 జులైలో తరంగంబాడిలో ఓడ దిగి, తమిళం నేర్చి, కొత్త నిబంధనను తమిళంలో అచ్చు వేయించి, 1719లో 36 ఏళ్ళకే అక్కడే కన్నుమూశాడు. ఆ ఏడాదే వచ్చిన బెంజమిన్ షుల్ట్సే తరవాత మద్రాసు వెళ్ళి పట్టుబట్టి తెలుగు నేర్చుకున్నాడు. 1746-47లో జర్మనీలోని హాలేలో తెలుగు అక్షరాలతో చిన్న పుస్తకాలు అచ్చయ్యాయంటే ఆయన చలవే. కాబట్టి ఈ పేర్లు మనకు బొత్తిగా పరాయివి కావు.

చిక్కు ఇంటిపేరుతో వచ్చింది. ‘త్సీగె’ అంటే మేక, ‘బాల్గ్’ అంటే తోలు. నా దగ్గరున్న ఒక పాత చిన్న పుస్తకం ‘తోళ్ళు పదును చేసే వంశంలో పుట్టాడు’ అని ఢంకా బజాయించి చెబుతోంది. కానీ ఆయన తండ్రి ధాన్యం వ్యాపారి. డ్రెస్డెన్‌లో అయిదేళ్ళుగా ఉంటున్నాను, పుల్స్‌నిత్స్ ఇక్కడికి దగ్గరే. అయినా ఈ ఇంటిపేరున్న మనిషి ఒక్కరూ తారసపడలేదు. ఇంత అరుదైన పేరు ఎక్కడ పుట్టింది? నిజంగా తోళ్ళ పని నుంచే వచ్చిందా? ఒక్క వాక్యంలో రాసుకోగలిగేలా చెప్పండి.

కరణంగారి మనవడు:
ఇందులో చర్చకు ఏముంది? జర్మన్ల ఇంటిపేర్లలో బోలెడు వృత్తుల పేర్లే. ముల్లర్ పిండిమర వాడు, ష్మిట్ కమ్మరి, షుల్ట్సే మన మునసబు లాంటి గ్రామాధికారి. మేకతోలు అని పేరుంటే మేకతోళ్ళ పనివాడే. తండ్రి ధాన్యం అమ్మితే ఏమైంది, ముత్తాత తోళ్ళు ఊని, అంటే పదును చేసి ఉంటాడు. పుస్తకంలో ఉన్నది రాసేయండి.

పాతపుస్తకాల బండి:
మనవడు గారూ, అంత తొందర వద్దు. తోళ్ళు ఊనేవాడికి జర్మన్‌లో ‘గెర్బర్’ అనే పేరు ఉంది, ‘లెడరర్’ అనీ ఉంది. రెండూ ఇంటిపేర్లుగా నేటికీ చలామణీలో ఉన్నాయి. అవి నేరుగా వృత్తిని చెప్పేవి. త్సీగెన్‌బాల్గ్ ఆ కోవలోది కాదు. ఇది ఇరుగుపొరుగు తగిలించిన ఎగతాళి పేర్ల జాతి: దర్జీని ‘ఫింగర్‌హూట్’ అంటే అంగుస్తానా అని పిలవడం, కసాయిని ‘రిండ్‌ఫ్లైష్’ అంటే గొడ్డుమాంసం అని పిలవడం లాంటిది. మనిషి చేతిలో రోజూ కనిపించే వస్తువే అతని పేరై కూర్చుంటుంది. కాబట్టి ముందు తేల్చాల్సింది ఆ వస్తువు ఏమిటన్నది.

‘బాల్గ్’ను తోలు అని అనువదించి వదిలేస్తే సగం అర్థం జారిపోతుంది. జంతువును పొట్ట మీదుగా చీల్చి, పరిచి ఆరబెట్టే తోలును జర్మన్‌లో ‘ఫెల్’ అంటారు. అలా చీల్చకుండా చొక్కా విప్పినట్టు తోలంతా ఒకే ముక్కగా ఒలిస్తే వచ్చేది బాల్గ్. వేటగాళ్ళు నక్క తోలును, కుందేలు తోలును ఇప్పటికీ బాల్గ్ అనే అంటారు. ఇప్పుడు ఒక మేకను అలా ఒలిచారనుకోండి. నాలుగు కాళ్ళ దగ్గరా తోలు కొసలను బిగించి కట్టి, మెడను మూతిగా ఉంచితే చేతికి వచ్చేది సంచి. అందులో నీళ్ళు పోయవచ్చు, నూనె పోయవచ్చు, గాలి నింపవచ్చు. గాలి ఊదే కమ్మరి సాధనాన్ని జర్మన్లు ‘బ్లాజెబాల్గ్’ అంటారు. మనం కొలిమితిత్తి అంటాం. చూశారా, మన భాషలో మాట సిద్ధంగానే ఉంది. త్సీగెన్‌బాల్గ్ అంటే మేకతోలు కాదు, మేకతిత్తి.

నా మాట: తోళ్ళు ఊనేవాడైతే ‘త్సీగెన్‌ఫెల్’ అయ్యేవాడు. ఇతనెవరో తిత్తితో పని ఉన్నవాడు. కమ్మరి కావచ్చు, నీళ్ళు మోసేవాడు కావచ్చు.

నాదస్వరం:
బండి గారు ఒకరిని మరిచారు. తిత్తి అంటే మన దగ్గర వాయిద్యం కూడా. మేకతోలు నిలువుగా ఒలిచి, గాలి నింపి, చంక కింద నొక్కుతూ శ్రుతి వేస్తారే, అదే. పుల్స్‌నిత్స్ ఉన్న లౌసిత్స్ ప్రాంతంలో సోర్బులు అనే స్లావు జాతి వాళ్ళు అనాదిగా ఉన్నారు. వాళ్ళ పెద్ద తిత్తివాయిద్యం పేరు ‘కొజొల్’. ఆ మాటకు అర్థం మేకపోతు! జర్మన్లు కూడా ఆ జాతి వాయిద్యాన్ని ‘బొక్’, అంటే మేకపోతు అనే అన్నారు. ఊళ్ళో పెళ్ళిళ్ళకు మేకతిత్తి ఊదేవాడికి మేకతిత్తి అని పేరు పడటంలో వింత ఏముంది?

కరణంగారి మనవడు:
తోళ్ళవాణ్ణి తీసేసి సంగీత విద్వాంసుణ్ణి కూర్చోబెట్టారు. బాగుంది.

విజయ, వరంగల్:
అసలు ఆ పుస్తకం రాసినాయన ‘తోళ్ళు పదును చేసే వంశం’ అన్నప్పుడు మనసులో ఏముందో మనందరికీ తెలుసు. మన కులం అద్దాలు పెట్టుకుని జర్మన్ ఊరిని చూశాడు. అక్కడ కూడా అంటరానితనం లాంటిది ఉండేది, కాదనను. కానీ అది చచ్చిన గొడ్లను ఒలిచే వాళ్ళ మీద, తలారుల మీద. తోళ్ళు ఊనేవాళ్ళకు తమ సంఘం, తమ ముద్ర, ఊళ్ళో మర్యాద అన్నీ ఉండేవి. ఈ రెండు పనులనూ కలిపేస్తే ఒక వాక్యంలో రెండు తప్పులు.

ఇంకోటి. ఆ ఊళ్ళోనే 1804లో పుట్టిన శిల్పి ఎర్న్‌స్ట్ రీచెల్ ఉన్నాడు, వైమార్‌లో గోథే, షిల్లర్‌ల జంట విగ్రహం చేసినాయన. ఆయన తండ్రి తోలు చేతితొడుగులు కుట్టేవాడు. రీచెల్ అన్న పేరులో తోలు జాడే లేదు. పేరులో తోలున్న ఇంట్లో ధాన్యం వ్యాపారం, తోలు పనిచేసే ఇంటికి వేరే పేరు. జర్మన్ ఊళ్ళలో ఇంటిపేర్లు గడ్డకట్టింది 1682కు ఎంతో ముందు. పేరును చూసి ఆ తరం వృత్తి చెప్పడం జాతకం చెప్పడమే.

వేదపండితుడు:
బాల్గ్‌కూ సంస్కృతంలోని బర్హిస్సుకూ చుట్టరికం ఉందని వ్యుత్పత్తి నిఘంటువుల్లో చూశాను. యజ్ఞంలో పరిచే దర్భ. ఇది ఎవరూ ఎత్తలేదేం?

పాతపుస్తకాల బండి:
చుట్టరికం ఉంటే ఉండవచ్చు. వేల ఏళ్ళ కిందట వేరుపడ్డ దాయాదులు వాళ్ళు. మనం మాట్లాడుతున్న ఇంటిపేరు వాళ్ళ పక్కన నిన్నటి పిల్లకాయ. దర్భలను ఈ గొడవలోకి లాగవద్దని మనవి.

లెక్కలు తప్పవు:
అర్థం గురించి ఇంత మాట్లాడారు, ‘ఎక్కడ పుట్టింది’ అన్న సగం ప్రశ్న అలాగే ఉండిపోయింది. దానికి ఆధారం పేరులోనే ఉంది. మేకను జర్మనీ అంతటా ‘త్సీగె’ అనేవాళ్ళు కాదు. దక్షిణాన, బవేరియా నుంచి స్విట్జర్లండ్ దాకా ఊరివాళ్ళ మాట ‘గైస్’. త్సీగె మధ్య, తూర్పు ప్రాంతాల మాట. లూథర్ బైబిలు వల్ల తరవాత ప్రామాణిక భాషలో స్థిరపడింది. అంటే ఈ పేరు మ్యూనిక్ దగ్గర పుట్టి ఉంటే ‘గైస్‌బాల్గ్’ అయ్యేది. పుల్స్‌నిత్స్ లాంటి చోటే దీని పుట్టుకకు సరిపోతుంది.

ఇక ఎంతమంది ఉన్నారన్నది. ఇక్కడ ఎవరో ఒకరు ఇంటిపేర్ల పటం ఒకటి తెచ్చి అంటిస్తారని ఎదురుచూస్తున్నాను, అందుకే ముందే చెబుతున్నాను. ఆ పటాలన్నీ టెలిఫోన్ డైరెక్టరీల బిడ్డలు. జర్మన్ ఇంటిపేర్ల పెద్ద అట్లాసు 2005 నాటి ల్యాండ్‌లైన్ల మీద నిలబడింది. దాదాపు 2 కోట్ల 80 లక్షల కనెక్షన్లు, వాటిలో సుమారు 8,50,000 వేరువేరు ఇంటిపేర్లు. ముల్లర్ లాంటి పేరుకు ఈ లెక్క బ్రహ్మాండంగా పనికొస్తుంది. చాలా అరుదైన పేరుకు మాత్రం ఒక కుటుంబం ల్యాండ్‌లైన్ తీయించేసినా పటం రంగు మారిపోతుంది. పైగా ఒక కనెక్షన్ అంటే ఒక ఇల్లు, ఒక మనిషి కాదు. మొబైల్ ఒక్కటే వాడేవాళ్ళు లెక్కలోకే రారు.

పాత స్థితి చూడాలంటే మొదటి ప్రపంచయుద్ధం నాటి సైనిక నష్టాల జాబితాలు మేలు. జర్మన్ వంశవృక్షాల ఔత్సాహికులు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. పేరు పక్కన సైనికుడి ఊరు కూడా ఉంటుంది. 1945 తరవాత తూర్పు నుంచి కోటికి పైగా జనం తరలి రావడంతో ఇంటిపేర్ల చిత్రం కలగాపులగమైంది. ఆ జాబితాలు దానికి ముందటివి. మగవాళ్ళే ఉంటారు, నిజమే. కానీ ఇంటిపేరు మగవాళ్ళ వెంటే నడిచిన రోజులవి.

కరణంగారి మనవడు:
అంత అరుదైన పేరంటే ఉన్నవాళ్ళంతా ఒకే మూలపురుషుడి సంతతే అన్నమాట. అంటే ఇప్పుడున్న త్సీగెన్‌బాల్గులందరూ మన మిషనరీ బంధువులు. దీన్నయినా ఒప్పుకుంటారా?

లెక్కలు తప్పవు:
సగం. పేరు అరుదుగా ఉండటానికి కారణం ఒక్కచోటే పుట్టడం కావచ్చు. నాలుగు చోట్ల పుట్టి మూడు చోట్ల అంతరించడమూ కావచ్చు. కొన్ని తరాల పాటు ఆడపిల్లలే పుడితే ఆ ఇంటిపేరు చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. ముప్ఫై ఏళ్ళ యుద్ధంలో, అంటే 1618 నుంచి 1648 మధ్య, సాక్సనీలో ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయ్యాయి. చాలాచోట్ల చర్చి రిజిస్టర్లు కూడా తగలబడ్డాయి. ఒకే చిన్న ప్రాంతంలో దొరికే ఇలాంటి విచిత్రమైన జంటపదం ఒక్క ఇంట్లోనే పుట్టి ఉంటుందని నేనూ అనుకుంటాను. కానీ ‘అందరూ ఆయన బంధువులే’ అని రాయాలంటే రిజిస్టరులో తరం వెనక తరం చూపించాలి.

చలివేంద్రం:
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. బండి గారి తిత్తి సిద్ధాంతం వినడానికి ఇంపుగా ఉంది. నాకు అడ్డొచ్చేది ఒక కుందేలు.

‘హాజెన్‌బాల్గ్’ అని ఇంకో జర్మన్ ఇంటిపేరు ఉంది. హాజె అంటే కుందేలు. బ్రెజిల్‌లో జాతి వివక్ష మీద పనిచేసిన సమాజశాస్త్రవేత్త కార్లొస్ హాజెన్‌బాల్గ్‌ది ఆ పేరే. ఇప్పుడు చెప్పండి, కుందేలు తోలుతో ఎవరు కొలిమితిత్తి కుట్టారు? ఎవరు నీళ్ళు మోశారు? అది బొచ్చుతోళ్ళ వ్యాపారికో, కుందేళ్ళు కొట్టేవాడికో పడ్డ పేరు. అంటే ఇంటిపేర్లలో బాల్గ్ ఉత్త తోలనే అర్థంతోనూ నిలబడింది. మధ్యయుగపు జర్మన్‌లో ఆ మాట ఇంకా వదులుగా ఉండేది. ఒలిచిన తోలు, తిత్తి, కత్తి ఒర, చివరికి మనిషిని తిట్టే తిట్టు కూడా. ఈ రోజుకీ అల్లరి పిల్లవాణ్ణి బాల్గ్ అంటారు. ఎవడో మేకలా ఎగిరే కుర్రవాడికి ఊరు పెట్టిన తిట్టే ఇంటిపేరై ఉండకూడదా?

ఇంకో హెచ్చరిక. ‘త్సీగెన్‌హాల్స్’ అనే ఇంటిపేరుకు అక్షరాలా అర్థం మేకమెడ. కానీ అది సైలీషియాలో ఒక ఊరి పేరు, ఇప్పుడది పోలండ్‌లో ఉన్న గ్వుహొవాజి. మన మేకపాటి లాంటిదే: ‘పాటి’ అనగానే వెనక ‘పాడు’తో ముగిసే ఊరు ఉందని మనకు తెలుస్తుంది, మేకలు కాసిన తాతను వెతకం. తెలియనివాడు మాత్రం వెతుకుతాడు.

పాతపుస్తకాల బండి:
కుందేలు దెబ్బ గట్టిగానే తగిలింది. ఒప్పుకుంటున్నాను. ‘ఊనేవాడైతే త్సీగెన్‌ఫెల్ అయ్యేవాడు’ అన్న నా వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను. అయినా ఒక్క మాట: మేకకూ కుందేలుకూ తేడా ఉంది. కుందేలు తోలుకు విలువ దాని బొచ్చులో ఉంది, నిలువుగా ఒలిచిన మేకతోలుకు విలువ దాని కడుపులో. పందెం కాయమంటే ఇప్పటికీ తిత్తి మీదే కాస్తాను. నిఘంటువు మీద మాత్రం ప్రమాణం చేయను. ఊరి పేరు సంగతి ఒప్పుకోను. బాల్గ్‌తో ముగిసే ఊరు అక్కడ ఉన్నట్టు చూపించిన రోజున మాట్లాడదాం.

నాదస్వరం:
నా వాయిద్యగాడు?

పాతపుస్తకాల బండి:
అతను నా తిత్తిలోనే ఉన్నాడు లెండి.

అక్షరాల తాత:
పేరును కనీసం సరిగ్గా పలుకుతున్నామా? జర్మన్ జెడ్‌ను చూసి తెలుగు పుస్తకాల్లో ‘జీగెన్‌బాల్గ్’ అని రాసేస్తారు. అది ‘త్స’. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే మన దంత్య చకారం, ‘ౘలి’లో పలికేది. ఆ ధ్వని కోసం ఇంగ్లీషువాడు నాలుక మెలిపెట్టుకోవాలి, మనకు పుట్టుకతో ఉంది. చివర రాసేది ‘గ్’, పలికేది ‘క్’. తమిళులు తమ నోటికి అనువుగా ‘సీగన్‌బాల్గు’ చేసుకున్నారు. హాయిగా ఉంది. ‘జీ’ని మాత్రం భరించలేను.

ఎల్బే ఒడ్డున:
అందరికీ నమస్కారాలు. నిన్న పుల్స్‌నిత్స్ వెళ్ళాను. ఆ ఊరు అల్లం, లవంగం ఘాటుండే ‘ప్ఫెఫర్‌కూఖెన్’ అనే తీపిరొట్టెకు పేరు, 1558 నుంచి కాలుస్తున్నారు. అంగట్లో పెద్దావిడను ఈ ఇంటిపేరు గురించి అడిగాను. తనతో బడిలో ఒకరు ఉండేవారని చెప్పి, ‘మేకా, మేకా అని ఏడిపించేవాళ్ళం’ అని నవ్వింది. బాల్గ్ అంటే ఏమిటని అడిగితే, వెనక గదిలో అల్లరి చేస్తున్న మనవడి వైపు వేలు చూపించింది. చలివేంద్రం గారికి ఒక ఓటు.

వ్యాసంలో ఇలా రాశాను: ‘త్సీగెన్‌బాల్గ్ తూర్పు మధ్య జర్మన్ ప్రాంతంలో పుట్టిన అరుదైన ఇంటిపేరు. నిలువుగా ఒలిచిన మేకతోలు, లేదా దానితో చేసిన తిత్తి అని అర్థం. మొదట ఎవరికో ఊరివాళ్ళు పెట్టిన మారుపేరు. ఆ మనిషి పని ఏమిటో పేరును బట్టి చెప్పలేం.’

పాతపుస్తకాల బండి:
‘మొదట’కు ముందు ఒక ‘బహుశా’ పెట్టండి.

కరణంగారి మనవడు:
ఒక్క వాక్యం అన్నారు, నాలుగు రాశారు.