మధ్యాహ్నం ఏసీ చల్లబరచట్లేదు, గ్యాస్ అయిపోయిందంటున్నారు. కొట్టించాలా?

కొత్తవాడ కోడలు:

అందరికీ నమస్తే. మాది వరంగల్ కొత్తవాడ, మగ్గాలున్న వీధి పక్కనే. అద్దె ఇల్లు, పై పోర్షన్, నెత్తిమీద స్లాబే. 1.5 టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ, 3 స్టార్, కొన్నాక ఇది మూడో ఎండాకాలం. పోయినేడు దాకా ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు పన్నెండు దాటిందంటే 18లో పెట్టినా గది చల్లబడట్లేదు. తెల్లవారుజామున మాత్రం దుప్పటి కప్పుకునేంత చలి.

ఆ గదిలో మా అత్తమ్మ ఉంటుంది. గుండె ఆపరేషన్ అయి ఇంటికొచ్చింది, వేడి తగలకుండా చూసుకోమని డాక్టరు గట్టిగా చెప్పారు. మధ్యాహ్నం ఆమె చెమటలు పడుతుంటే నాకు ఒకటే టెన్షన్. ఒక మెకానిక్‌ను పిలిస్తే, రిమోట్ పట్టుకుని రెండు బటన్లు నొక్కి, "గ్యాస్ అయిపోయింది, మూడు వేలు అవుతుంది" అన్నాడు. మీటరేమీ పెట్టి చూడలేదు. మాకు గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చేది, ఈ నెల 200 యూనిట్లు దాటి మొత్తం బిల్లు మీద పడింది. అవుట్‌డోర్ యూనిట్ వెనక బాల్కనీలో ఉంది. పడమటి ఎండ కొడుతోందని ముందు ఫ్లెక్సీ కట్టాం. గ్యాస్ కొట్టించమంటారా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఏసీ మెకానిక్, హనుమకొండ:

అక్కా, ఆ మూడు వేలు ఇప్పుడే ఇవ్వకండి. మీ మాటల్లోనే జవాబుంది. తెల్లవారుజామున దుప్పటి కప్పుకునేంత చలి వస్తోందన్నారు కదా. గ్యాస్ బాగా తగ్గిన మిషన్ రాత్రిపూట కూడా అంత చలి పుట్టించలేదు. పైగా గ్యాస్ వాడినకొద్దీ అయిపోయే వస్తువు కాదు. పైపుల్లోనే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకుందని అర్థం. లీకు పట్టకుండా నింపితే వచ్చే ఎండాకాలం మళ్లీ అదే మాట వింటారు.

నాకు అనుమానం మీ ఫ్లెక్సీ మీద. ఏసీ చలిని తయారుచేయదు, గదిలో వేడిని మోసుకెళ్లి బయట పారబోస్తుంది. మన దగ్గర మే నెలలో 44 డిగ్రీలున్నప్పుడు ఆ పారబోయడమే కష్టం. మీ ఫ్లెక్సీకి తగిలి వేడిగాలి వెనక్కి తిరుగుతుంటే, అవుట్‌డోర్ తాను వదిలిన గాలినే మళ్లీ పీలుస్తుంది. అప్పుడు అందులో గ్యాస్‌ను తిప్పే కంప్రెసర్ వేడెక్కి, కరెంటు ఎక్కువ లాగుతుంది. ఇన్వర్టర్ మిషన్ అయితే ఇంకో సంగతి కూడా ఉంది. వేడి హద్దు దాటగానే లోపలి బోర్డు కంప్రెసర్ కాలిపోకుండా స్పీడు తగ్గించేస్తుంది. అంటే మీకు చల్లదనం బాగా కావాల్సిన వేళకే అది సగం పనే చేస్తుంది. ఎండ తగ్గాక మామూలే.

ముందు ఆ ఫ్లెక్సీ విప్పేయండి. ఎండ పడకుండా నీడ కావాలంటే పైన, యూనిట్‌కు బాగా ఎత్తులో కట్టండి. ఫ్యాన్ ముందు మాత్రం ఏమీ ఉండకూడదు. తడి బట్టలు ఆరేయడం కూడా వద్దు.

రెండోది, కొత్తవాడ అన్నారు కాబట్టి ఇది చెప్పాల్సిందే. మగ్గాల వీధుల్లో నేను తీసే అవుట్‌డోర్లన్నీ ఒకేలా ఉంటాయి. ముందు నుంచి చూస్తే శుభ్రంగా కనిపిస్తాయి. గోడవైపు, వెనక, సన్నటి అల్యూమినియం రేకులుంటాయి. అక్కడ టార్చి కొట్టి చూడండి. నూలు పీచు, దుమ్ము కలిసి బూడిదరంగు కంబళి పరిచినట్టు అతుక్కుపోయి ఉంటుంది. గోటితో ఒక అంచు పట్టుకుని లాగితే పొర పొరంతా ఊడొస్తుంది. ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల కూడా ఇదే గోస, అక్కడ పత్తి దూది.

ఏసీకి కరెంటు ఆపే ఎంసీబీ (మెయిన్ బోర్డులోని స్విచ్) ఆపేసి, మెత్తటి బ్రష్‌తో పై నుంచి కిందికి మాత్రమే దులపండి. అడ్డంగా రుద్దితే రేకులు వంగిపోతాయి. తర్వాత మామూలు పైపుతో మెల్లగా నీళ్లు పట్టండి. బైకులు కడిగే ప్రెషర్ గన్ వద్దే వద్దు. మీ ఏరియాకు ఏడాదికి ఒక్క సర్వీసు సరిపోదు. లోపలి ఫిల్టర్లు పదిహేను రోజులకోసారి కుళాయి కింద పెట్టి, నీడలో ఆరబెట్టి బిగించండి. దానికి ఎవర్నీ పిలవక్కర్లేదు.

ఇవి చేశాక కూడా తేడా లేకపోతే అప్పుడు గ్యాస్ సంగతి చూద్దాం. ఏసీ ఇరవై నిమిషాలు నడిచాక అవుట్‌డోర్ దగ్గర సన్న రాగి పైపు చూడండి. దానిమీద తెల్లగా మంచు కడితే గ్యాస్ తక్కువుండొచ్చు. నట్టు దగ్గర నూనె మరక ఉంటే లీకు చాలావరకు అక్కడే. సబ్బు నురగ పూస్తే బుడగలొస్తాయి. గ్యాస్ కొట్టేవాళ్లు లీకు మూసి, వ్యాక్యూమ్ చేసి (అంటే పైపుల్లో గాలి, తేమ లాగేసి), తూకం వేసి నింపాలి. ఎన్ని గ్రాములో యూనిట్ స్టిక్కర్ మీదే రాసి ఉంటుంది. తూకం మిషన్ లేకుండా వచ్చినవాళ్లను వెనక్కి పంపించండి.

18 మాట కూడా మర్చిపోండక్కా. 18లో పెడితే గది తొందరగా చల్లబడదు, కంప్రెసర్ ఆగకుండా ఉరుకుతుంది, అంతే. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలు 24 మీదే మొదలవ్వాలని కేంద్రం రూల్ పెట్టింది. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ లెక్క. 26లో పెట్టి, సీలింగ్ ఫ్యాన్ రెండులో తిప్పండి. పెద్దమ్మకు హాయిగా ఉంటుంది, తెల్లారి వణుకూ ఉండదు.

కాజీపేట, రైల్వే కాలనీ:

అన్న చెప్పింది కరెక్టే. మేమైతే మధ్యాహ్నం అవుట్‌డోర్ మీద మగ్గుతో నీళ్లు చల్లుతాం, వెంటనే తేడా తెలుస్తుంది. గదిలో కూలర్ కూడా పెడితే రెండూ కలిసి బాగా చల్లబడుతుంది కదా?

ఏసీ మెకానిక్, హనుమకొండ:

తమ్మీ, తేడా తెలిసేది ఆ కాసేపే. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. వేడి రేకుల మీద నీళ్లు ఆవిరై, తెల్లటి చారలు గట్టిపడి ఉండిపోతాయి. పోనుపోను ఆ రేకుల కాయిల్ పాడవుతుంది. కడగడానికి వాడి వెంటనే వదిలేస్తే పర్లేదు, రోజూ చల్లడం వద్దు. కూలర్ అయితే ఏసీ గదిలో అసలే వద్దు. కూలర్ గాలిలో తేమ నింపుతుంది, ఏసీ ఆ తేమను నీళ్లు చేసి బయటకు పంపడానికి కరెంటు కాలుస్తుంది. ఒకటి నింపుతుంటే ఇంకొకటి తోడుతున్నట్టే.

రిటైర్డ్ టీచర్, నర్సంపేట రోడ్:

అమ్మా, మాదీ పై పోర్షనే. రాత్రి పదకొండింటికి కూడా సీలింగ్‌కు చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగిలేది. పగలంతా తాగిన ఎండను స్లాబు రాత్రంతా గదిలోకి వదులుతుంది. డాబా మీద ఎండను వెనక్కి కొట్టే తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేయించాను. గది మారిపోయింది, ఏసీ ఊరికే ఆగి ఆగి నడుస్తోంది. 2023లో మన రాష్ట్ర ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే. అద్దె ఇల్లు కాబట్టి ఓనర్ ఒప్పుకోకపోతే సున్నంలో ఫెవికాల్ కలిపి రెండు కోట్లు కొట్టించండి, ఖర్చు తక్కువ. వాన పడితే కొంత పోతుంది, ఏటా వేసుకోవాలి. పడమటి కిటికీకి కర్టెన్ లోపల కాదు, బయట తడక కట్టండి. అద్దం దాటి లోపలికొచ్చాక ఎండను కర్టెన్ ఆపలేదు.

కొత్తవాడ కోడలు:

అందరికీ చాలా థాంక్స్. ఫ్లెక్సీ విప్పేశాం. మా ఆయన బ్రష్‌తో దులిపితే, మీరు చెప్పినట్టే కంబళిలా ఊడొచ్చింది, ఒక చాటెడు పీచు. నిన్న మధ్యాహ్నం 26 పెడితే ఫ్యాన్ గాలికి అత్తమ్మ నిద్రపోయింది. పైపు మీద మంచు లేదు. సున్నానికి ఓనర్ సరే అన్నారు. ఒక్క డౌటు అన్నా, లోపలి యూనిట్ నుంచి గోడ మీదికి నీళ్లు కారుతున్నాయి. అదేంటి?

ఏసీ మెకానిక్, హనుమకొండ:

మంచి మాట చెప్పారక్కా. నీళ్లు కారడం డ్రైన్ పైపు మూసుకుపోయి. ఆ పీచే అక్కడికీ చేరి పాచి పట్టి ఉంటుంది. బాల్కనీలో పైపు చివర నోటితో ఊదకండి, మురికి వెనక్కి పోయి ట్రేలో పడుతుంది. వ్యాక్యూమ్ క్లీనర్ చివర పెట్టి బయటికి లాగాలి. పైపు చివర బకెట్ నీళ్లలో మునిగి ఉన్నా ఇలాగే అవుతుంది, చివర నీళ్లకు తగలకుండా చూడండి. అప్పటిదాకా కింద ప్లగ్ బోర్డు ఏదైనా ఉంటే దానికి కరెంటు ఎంసీబీ దగ్గరే ఆపి పెట్టండి.