మందారకు తెల్ల దూది, గులాబీకి సాలెగూడు, మనీప్లాంట్ దగ్గర దోమలు: అన్నిటికీ ఒకే మందు సరిపోతుందా?

పడమటి_బాల్కనీ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విజయవాడలో ఐదో అంతస్తు, పడమర బాల్కనీ. ఉన్న తొమ్మిది కుండీల్లో మూడింటికి పురుగు పట్టింది.

మందార చిగుళ్లు ముడుచుకుపోయి గుత్తిలా అయ్యాయి. కణుపుల్లో దూది పెట్టినట్టు తెల్లగా ఉంది. కింది ఆకులు జిగటగా ఉన్నాయి, వాటిమీద మసి కూడా పట్టింది. కాండం మీద చీమల బారు. గులాబీ ఆకుల మీద సూదితో పొడిచినట్టు లేత చుక్కలు, కొమ్మల చివర సన్నటి సాలెగూడు దారాలు. హాల్లో ఉన్న మనీప్లాంట్ ఆకులు బాగానే ఉన్నాయి కానీ నీళ్లు పోసినప్పుడల్లా మట్టిలోంచి చిన్న నల్ల దోమలు లేస్తున్నాయి.

లీటరు నీళ్లలో 10 మి.లీ. వేప నూనె కలిపి మూడింటికీ ఒకసారి కొట్టాను. నూనె పైకి తేలింది. మందార ఆకుల అంచులు మాడాయి, పురుగు మాత్రం అలాగే ఉంది. మందుల కొట్లో అడిగితే గుళికలు వేయమన్నారు. పక్కనే కరివేపాకు, తులసి ఉన్నాయి. వేయొచ్చా?

మిద్దెతోట_మాలి

గుళికలు వద్దండీ. కొట్లో గుళికలంటే చాలామందికి తెలిసినవి ఫోరేట్ గుళికలే. 2020 డిసెంబరు 31 నుంచి మన దేశంలో ఆ మందు వాడకం నిషేధం. వేరే రకం గుళికలిచ్చినా అవీ వేళ్ల ద్వారా మొక్కంతా ఎక్కే విషాలే. వంటలోకి తుంచుకునే కరివేపాకు పక్కన, ఇంట్లో మనుషులు తిరిగే చోట వాటికి స్థానం లేదు.

మందారకు పట్టింది పిండినల్లి. ఒక దూది ముద్దను అగ్గిపుల్లతో తీసి తెల్ల కాగితం మీద నలపండి. ఎర్రటి, గులాబీ రంగు మరక పడితే అది మందారను బాగా ఇష్టపడే గులాబీ పిండినల్లి. రసం పీల్చేటప్పుడు అది వదిలే లాలాజలం వల్లే చిగురు అలా ముడుచుకుని గుత్తి కడుతుంది. ముడుచుకున్న చిగురు మళ్లీ విచ్చుకోదు, దాన్ని కత్తిరించాల్సిందే. ఆకుల మీది జిగట పురుగు విసర్జించే తీపి రసం. మసి ఆ రసం మీద పెరిగే బూజు, అది విడిగా వచ్చిన తెగులు కాదు. పురుగు పోయాక తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. చీమలు వచ్చేది ఆ తీపి కోసమే.

పని ఈ వరసలో చేయండి. ముందు గుత్తి కట్టిన చిగుళ్లను రెండు కణుపులు కిందికి కత్తిరించి, అక్కడికక్కడే ప్లాస్టిక్ కవరులో వేసి మూతి కట్టేయండి. ఎరువు గుంతలో వేయొద్దు, కింద రాల్చొద్దు. దుమ్ము రేణువంత ఉండే పిల్లపురుగులు గాలికి కూడా పక్క కుండీకి చేరతాయి. తర్వాత కుండీ మట్టిని కవరుతో కప్పి, మొక్కను వంచి, ఆకుల అడుగున నీళ్లు గట్టిగా చిమ్మండి. సగం పురుగు ఇక్కడే రాలిపోతుంది. కణుపుల్లో మిగిలిన వాటిని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో ఒక్కొక్కటిగా అద్దండి. తెల్ల మైనం కరిగి పురుగు గోధుమ రంగుకు తిరిగితే చచ్చినట్టే. ముందు ఒక ఆకు మీద రాసి ఒక రోజు చూశాకే మిగతా పని. లేత మొగ్గల మీద అద్దొద్దు.

వేప నూనె దగ్గర రెండు పొరపాట్లు జరిగాయి. 10 మి.లీ. ఎక్కువ, 5 మి.లీ. చాలు. పైగా నూనె నీళ్లలో కలవలేదు. తేలిన నూనె ఒక ఆకు మీద నీళ్లలా, ఇంకో ఆకు మీద చిక్కగా పడుతుంది. చిక్కగా పడిన చోట ఎండ తగిలి ఆకు మాడుతుంది. ముందు గిన్నెలో 5 మి.లీ. నూనె, 2 మి.లీ. లిక్విడ్ సబ్బు వేసి బాగా గిలకొట్టండి. తర్వాత గోరువెచ్చని నీళ్లు చెంచాలతో పోస్తూ తిప్పండి. మజ్జిగలా తెల్లబడ్డాక లీటరుకు పెంచండి. పది నిమిషాలాగి చూస్తే పైన నూనె చుక్క కనబడకూడదు. కనబడితే కొట్టొద్దు, మళ్లీ గిలకొట్టండి. బోరు నీళ్లయితే సబ్బు విరిగి తెట్టు కడుతుంది, ఈ ఒక్క లీటరుకు ఫిల్టరు నీళ్లు వాడండి.

సాయంత్రం ఎండ పోయాక కొట్టాలి. ఆకుల అడుగు, కణుపు సందులు, కుండీ అంచు కింద భాగం కూడా తడవాలి. ఆ పూటకు కలిపింది ఆ పూటకే. ఏడో రోజు, పద్నాలుగో రోజు మళ్లీ కొట్టాలి. ఎందుకంటే ఆ దూది లోపల గుడ్లుంటాయి, ఒక్కో తల్లి వందల్లో పెడుతుంది. మందు దూదిని దాటి గుడ్డును చేరదు. పిల్లలు బయటికి వచ్చి, ఒంటిమీద మైనం పట్టకముందే దొరకబుచ్చుకోవాలి. ఒకసారి కొట్టి ఆపేసేవాళ్లకు మూడో వారంలో మళ్లీ దూది కనిపించేది ఇందుకే.

చీమల దారి మూయకపోతే ఇదంతా వృథా. పిండినల్లిని తినడానికి వచ్చే అక్షింతల పురుగుల్ని అవి తరిమేస్తాయి. కుండీని స్టాండు మీద పెట్టి, స్టాండు కాళ్లను నీళ్లున్న మూతల్లో ఉంచండి. కొమ్మ గోడకు గానీ గ్రిల్‌కు గానీ తగలకూడదు. మూతల్లో నీళ్లు రెండు రోజులకోసారి పారబోసి మార్చకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

ఆకు_అడుగున

గులాబీ సంగతి చెప్తాను. అది ఎర్రనల్లి. దానికి ఎనిమిది కాళ్లు, సాలీడు జాతి, పురుగుల కోవలోకి రాదు. పురుగు మందులు చాలావాటికి అది చావకపోవడానికి కారణం ఇదే. తెల్ల కాగితం మీద కొమ్మను తట్టండి. మిరియప్పొడి రాలినట్టు చుక్కలు పడతాయి. అర నిమిషం కదలకుండా చూస్తే అవి నడుస్తాయి.

పడమటెండ, వేడి గాలి, ఆకుల మీద దుమ్ము దానికి పండగ. 30 డిగ్రీలు దాటితే గుడ్డు నుంచి పెద్దది కావడానికి వారం చాలు. దానికి పడనిది తడి. పది రోజులపాటు రోజు విడిచి రోజు పొద్దున్నే ఆకుల అడుగున నీళ్లు చిమ్మి గూళ్లు చెదరగొట్టండి. పొద్దున్నే ఎందుకంటే, రాత్రంతా ఆకు తడిగా ఉంటే గులాబీకి నల్లమచ్చ తెగులు వస్తుంది. బాగా పసుపెక్కిన ఆకులు తీసేయండి. పైన చెప్పిన వేప నూనె, సబ్బు మిశ్రమమే ఐదు రోజులకోసారి, మూడుసార్లు, ఆకు అడుగున. పాత ఆకుల మీది చుక్కలు పోవు. కొత్త ఆకు శుభ్రంగా వస్తోందా లేదా చూసుకోండి.

కుండీ_మట్టి

మనీప్లాంట్ దగ్గరివి మట్టి ఎప్పుడూ తడిగా ఉందని చెప్పే దోమలు. పెద్దవి కుట్టవు, మొక్కనూ తినవు. పైమట్టిలో ఉండే నల్ల తల, గాజులాంటి ఒళ్లు ఉన్న పిల్లపురుగులు బూజును, సన్న వేళ్లను తింటాయి. ముదిరిన మొక్క తట్టుకుంటుంది, నారు, కొత్తగా నాటిన కొమ్మ తట్టుకోవు. బంగాళదుంప చక్రం ఒకటి మట్టి మీద బోర్లించి రెండు రోజుల తర్వాత తిప్పి చూస్తే అవి అంటుకుని కనిపిస్తాయి.

దీనికి ఆకుల మీద కొట్టే మందు దండగ. పై రెండంగుళాల మట్టి పూర్తిగా ఎండాకే నీళ్లు పోయండి. కోకోపీట్ కలిపిన మట్టి పైన ఎండినట్టు కనిపించి లోపల తడిగా ఉంటుంది, వేలు పెట్టి చూడాలి. ఎగిరేవాటికి పసుపు జిగురు అట్ట ఒకటి మట్టికి ఆనించి పెట్టండి. అవి మట్టి దగ్గరే ఎక్కువ తిరుగుతాయి. మూడు నాలుగు వారాలు ఆపకుండా చేయాలి. మందు కావాలంటే దోమ లార్వాలకు వాడే బాసిల్లస్ తురింజెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్ అనే బాక్టీరియా మందు అడగండి. అదే పేరుతో పంటల గొంగళి పురుగులకు అమ్మే కుర్‌స్టాకి రకం వీటికి పనిచేయదు, డబ్బా మీద చివరి మాట చదివి కొనండి.

పచ్చ_తోరణం

ఇంత శ్రమ ఎందుకండీ? ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం, లీటరుకు అర మి.లీ. ఒకసారి కొడితే పిండినల్లి పోతుంది.

మిద్దెతోట_మాలి

పోతుంది, కాదనను. కానీ ఆ కుండీ పక్కనే ఎర్రనల్లి ఉంది. ఇమిడాక్లోప్రిడ్ ఎర్రనల్లిని చంపదు, దాన్ని తినే మేలుచేసే పురుగులకు మాత్రం హాని చేస్తుంది. మందు కొట్టాక ఎర్రనల్లి రెట్టింపయ్యే సందర్భాలు అందుకే ఎక్కువ. పైగా అది మొక్కంతా పాకుతుంది, పూల తేనెలోకీ చేరుతుంది. మందార పూలకు తేనెటీగలు, తేనెపిట్టలు వస్తాయి. తొమ్మిది కుండీలను చేత్తో శుభ్రం చేయగలిగిన చోట ఆ మందు అవసరం నాకు కనబడదు.

పడమటి_బాల్కనీ

అందరికీ ధన్యవాదాలు. కాగితం మీద నలిపితే ఎర్ర మరకే పడింది. ఇంకో సంగతి: దూది మధ్యలో మిగతావాటికి మూడు రెట్లున్న తెల్ల పురుగు ఒకటుంది. ఒళ్లంతా పీచులు, ముట్టుకుంటే చురుగ్గా పరిగెత్తింది. ఇది తల్లి పురుగా? ఇంకా, గులాబీకి గంధకం కొట్టమని ఒకరన్నారు. కొట్టనా?

మిద్దెతోట_మాలి

దాన్ని చంపకండి! పిండినల్లి అలా పరిగెత్తదు. మీరు చూసింది దాన్ని తినే అక్షింతల పురుగు పిల్ల అయ్యుంటుంది, క్రిప్టోలీమస్ అంటారు. పీచులతో అచ్చం పిండినల్లిలాగే కనిపిస్తుంది. కాఫీ తోటల పురుగుల కోసం 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చారు. అది ఉన్న కొమ్మకు నూనె కొట్టకండి, ఆల్కహాల్ అద్దకండి. చీమల్ని మాత్రం ఆపండి. మిగతా కొమ్మల పని మామూలే.

ఆకు_అడుగున

గంధకం ఇప్పుడు వద్దు. నీళ్లలో కలిసే 80 శాతం పొడి లీటరుకు 3 గ్రాములు వేస్తే ఎర్రనల్లి మీద బాగానే పనిచేస్తుంది, కానీ 35 డిగ్రీలు దాటిన ఎండల్లో ఆకు మాడ్చేస్తుంది. నూనె కొట్టిన మొక్కకైతే కనీసం రెండు మూడు వారాలు ఎడం ఉండాలి. మీరు ఇప్పటికే నూనె కొట్టారు, బాల్కనీ పడమర. నీళ్లు, సబ్బు నూనెతోనే కానివ్వండి. చిమ్మేటప్పుడు కరివేపాకు కుండీని పక్కకు జరపండి. దాని మీద పడితే వారం ఆగి, బాగా కడిగి వాడుకోండి.