టీనేజి మొటిమలు: వయసుతో పోతాయని వదిలేయాలా, మొదట్లోనే మందు రాయాలా?

కరీంనగర్ నాన్న:
మా అమ్మాయి పదో తరగతి. నుదుటి మీద సన్నటి గింజలు, ముక్కు మీద నల్ల చుక్కలు, బుగ్గల మీద నాలుగైదు ఎర్ర మొటిమలు. అంతకు మించి ఏమీ లేదు. మా అమ్మ "వయసు మొటిమలురా, పెళ్లీడుకి అవే పోతాయి" అంటోంది. మా ఆవిడేమో స్కిన్ డాక్టర్‌కి చూపిద్దామంటోంది. ఈ కాస్త దానికి మందులు అవసరమా? పిల్లలున్నవాళ్లు చెప్పండి.

రాజమండ్రి లక్ష్మి:
వదిలేయండి అన్నయ్యగారూ. మా రోజుల్లో మొటిమలు రాని ఆడపిల్ల ఉందా? ఆదివారం సున్నిపిండితో నలుగు పెట్టుకుని తలంటు పోసుకునేవాళ్లం, అంతే. ఇప్పుడు ఆరో తరగతి పిల్లలు ఫోన్లో వీడియోలు చూసి విటమిన్ సి సీరం, రెటినాల్, ఇంకేవో యాసిడ్లు కొనిపించుకుంటున్నారు. తమ ముఖం బాగోలేదని పిల్లల చేతే అనిపించి సాగే వ్యాపారం ఇది. ఒకటి మొదలుపెడితే అక్కడితో ఆగదు. మామిడిపళ్లు, చికెన్, వేపుళ్లు తగ్గించి మజ్జిగ బాగా తాగించండి. ఒంట్లో వేడి తగ్గితే మొటిమలూ తగ్గుతాయి.

సుజాత, ఫార్మసిస్ట్:
సీరముల గురించి లక్ష్మి గారు చెప్పిన ప్రతి మాటా నిజం. ఆ వయసు చర్మానికి అవేవీ అక్కర్లేదు. "వదిలేయండి" అన్న దగ్గరే నేను ఒప్పుకోను. ఎందుకంటే ఏ పిల్లా నిజంగా వదిలేయదు. పెద్దవాళ్లు పట్టించుకోకపోతే తలుపేసుకుని అద్దం ముందు గిల్లుకుంటుంది. నిమ్మరసం రుద్దుతుంది, రాత్రిపూట టూత్‌పేస్ట్ రాసి పడుకుంటుంది. అదీ కాకపోతే మెడికల్ షాపుకి వచ్చి "మొటిమలకి ఏదైనా క్రీమ్ ఇవ్వండి" అంటుంది.

అసలు భయపడాల్సింది ఆ క్రీమ్ గురించే. ట్యూబు మీద సన్నటి అక్షరాల్లో బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్ అని ఏదో ఒకటి ఉంటుంది. అవన్నీ స్టెరాయిడ్లు. రాసిన కొద్దిరోజులకే ముఖం నున్నగా, తెల్లగా అవుతుంది. పిల్ల సంతోషపడి స్నేహితురాళ్లకి కూడా చెబుతుంది. మానేయగానే ముఖం ఎర్రబడి మండుతుంది, ముందుకన్నా ఎక్కువ మొటిమలు లేస్తాయి. మళ్లీ అదే రాస్తుంది. అలా నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి లోపలి సన్న రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అడగ్గానే ఇచ్చే షాపులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ట్యూబు అందుకునే పిల్లల్లో చాలామందికి మొదట ఉన్నవి మీ అమ్మాయికి ఉన్నలాంటి చిన్న మొటిమలే.

ఇక వేడి సంగతి. ఈ వయసులో హార్మోన్ల వల్ల చర్మంలో నూనె ఎక్కువగా ఊరుతుంది. రాలాల్సిన మృతకణాలు ఆ నూనెలో అంటుకుని రంధ్రాన్ని మూసేస్తాయి. లోపల బ్యాక్టీరియా పెరిగి వాపు వస్తుంది. మజ్జిగ మంచిదే, కానీ మూసుకున్న రంధ్రాన్ని అది తెరవలేదు.

ఖమ్మం మాస్టారు:
తిండికి అసలు సంబంధమే లేదన్నట్టు కొట్టిపారేయకండి సుజాత గారూ. పపువా న్యూగినీలో కితావా అనే దీవి ఉంది. దుంపలు, పళ్లు, చేపలు, కొబ్బరి తిని బతికే జనం. అక్కడ 1,200 మందిని పరీక్షిస్తే ఒక్కరికీ మొటిమ కనిపించలేదని 2002లో ప్రచురించారు. 2007లో ఆస్ట్రేలియాలో 12 వారాల పాటు కుర్రాళ్ల చేత చక్కెర, మైదా తగ్గించి తినిపిస్తే, మామూలు తిండి తిన్నవాళ్లకన్నా మొటిమలు బాగా తగ్గాయి.

సుజాత, ఫార్మసిస్ట్:
ఆ రెండోది నేనూ ఒప్పుకుంటాను మాస్టారూ. రక్తంలో చక్కెరను గబుక్కున పెంచే కూల్‌డ్రింకులు, బిస్కెట్లు, బేకరీ తిండి తగ్గిస్తే కొందరికి మేలు. జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లు పాల విరుగుడు నుంచి తీసే వే ప్రోటీన్ పొడి మొదలుపెట్టాక మొటిమలు ఎక్కువయ్యాయంటే అదీ నమ్మదగ్గ మాటే. కానీ కితావాలో వేరేది తిండి ఒక్కటే కాదు, వంశం వేరు, బతుకంతా వేరు. మన దగ్గర జరిగేదేమిటి? ఎదిగే పిల్లకి గుడ్డు, చికెన్ మాన్పించేస్తారు, చాయ్‌లో చక్కెర మాత్రం అలాగే ఉంటుంది.

బైపీసీ సెకండియర్:
నాకు పదిహేడు. పెద్దవాళ్లందరికీ ఒకటి చెప్పాలి. పెళ్లికి వెళ్తే పలకరింపే "ముఖానికి ఏమైందే" అని. చాక్లెట్లు తింటున్నావా, ముఖం కడుక్కోవా అని అడుగుతారు. నేను రోజుకి ఐదారుసార్లు కడిగేదాన్ని, అయినా వచ్చేవి. నా తప్పు వల్లే వచ్చాయనుకుని ఫొటోల్లో వెనక నిలబడేదాన్ని. అంకుల్, మీ అమ్మాయి పైకి ఏమీ అనకపోయినా ఒకసారి అడగండి, తనకి బాధగా ఉందా అని.

డాలస్ సుధ:
ఈ పాప చెప్పింది చాలా ముఖ్యం. చికిత్స అవసరమా కాదా అన్నది మొటిమల లెక్కను బట్టి కాకుండా పిల్ల మనసును బట్టి చూడాలి. అమెరికాలో మొటిమలకి రాసే అడాపలీన్ అనే మందు 0.1 శాతం జెల్‌ను 2016 నుంచి పన్నెండేళ్లు దాటినవాళ్లకి చీటీ లేకుండానే అమ్ముతున్నారు. మా అబ్బాయి వాడాడు. మొదట్లో పొట్టు లేచింది, తర్వాత సర్దుకుంది.

కరీంనగర్ నాన్న:
అడిగాను. "నాన్నా, ట్యూషన్‌కి చున్నీ కట్టుకుని వెళ్తున్నది ఎండకి కాదు" అంది. ఇక వదిలేయడం లేదు. ఏం చేయాలో చెప్పండి సుజాత గారూ.

సుజాత, ఫార్మసిస్ట్:
ఒక్కసారి స్కిన్ డాక్టర్‌కి చూపించి చీటీ రాయించుకోండి. ఇంత తక్కువగా ఉన్నప్పుడు మామూలుగా పైపూతతోనే సరిపోతుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ గానీ, అడాపలీన్ గానీ, రెండూ కలిపి గానీ రాస్తారు. పెరాక్సైడ్ 2.5 శాతం చాలు, ఎర్ర మొటిమల మీద 10 శాతంతో దాదాపు సమానంగా పనిచేస్తుంది, మంట తక్కువ. కాకపోతే తువ్వాళ్లు, దిండు గలీబులు, ఆ చున్నీ రంగు వెలిసిపోతాయి, ముందే చెప్పి ఉంచండి. అడాపలీన్ రాత్రిపూట, ముఖమంతటికీ కలిపి బఠానీ గింజంత. మొటిమ మీద చుక్క పెట్టడం కాదు, మొటిమలు వచ్చే చోటంతా పలచగా పూయాలి. మొదటి వారాల్లో చర్మం పొడిబారి, మొటిమలు కాస్త పెరిగినట్టు కూడా కనిపించవచ్చు. చాలామంది అక్కడే మానేస్తారు. 8 నుంచి 12 వారాలు ఆగితేనే ఫలితం తెలుస్తుంది. క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ జెల్ ఒక్కటే డాక్టర్ చీటీలో రాస్తే పెరాక్సైడ్ కూడా కలపమని అడగండి, లేకపోతే బ్యాక్టీరియా ఆ మందుకి లొంగకుండా పోతుంది.

ముఖం మెత్తని ఫేస్‌వాష్‌తో రోజుకి రెండుసార్లు కడిగితే చాలు. గిల్లనివ్వకండి. మన చామనఛాయ మీద మొటిమ పోయినా దాని నల్ల మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది, మొదట్లోనే మందు రాయమని నేను పట్టుబట్టేది అందుకే. నెలసరి సరిగా రాకపోయినా, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతున్నా ఆ మాట కూడా డాక్టర్‌తో చెప్పండి. గట్టి గడ్డల్లా లేచి గుంటలు పడుతుంటే మాత్రం అది చిన్న మొటిమల లెక్క కాదు, వెంటనే చూపించాలి.

ఇంకొకటి, నుదుటి మీద సన్నటి గింజలన్నారు కదా. తలకి నూనె రాస్తారా?

కరీంనగర్ నాన్న:
రోజూ. మా అమ్మే కొబ్బరినూనె పెట్టి జడ వేస్తుంది.

రాజమండ్రి లక్ష్మి:
సీరముల మీద నా మాట నాదే. చీటీ మీద ఒకటి రెండు పూతలంటే సరే. కానీ నూనె కూడా మాన్పించేస్తారా ఏమిటి?

సుజాత, ఫార్మసిస్ట్:
మాన్పించక్కర్లేదు లక్ష్మి గారూ. తలస్నానానికి గంట ముందు పెట్టి కడిగేయమనండి. మిగతా రోజుల్లో జుట్టు కొసలకి మాత్రం రాసి, నుదుటి మీదికి జారకుండా చూస్తే చాలు. దిండు గలీబు వారానికి రెండుసార్లు మార్చండి.