పెట్రోల్ గోల్ఫ్ కార్టు మిట్ట ఎక్కడం లేదు: సెకండరీ క్లచ్ స్ప్రింగు బిగించవచ్చా?

చీనీతోట (నార్పల, అనంతపురం):
తోటలో కోసిన చీనీకాయల క్రేట్లను షెడ్డుకు చేర్చేందుకు, ఒక రిసార్టు వారు అమ్మివేసిన పాత పెట్రోల్ గోల్ఫ్ కార్టును కొన్నాము. చదును నేలపై బాగానే నడుస్తుంది గానీ, నిండు క్రేట్లతో షెడ్డు ముందున్న మిట్ట ఎక్కించబోతే సగంలోనే ఇంజను గొంతు పడిపోయి నిలిచిపోతుంది. గట్లపై అడుగుభాగం తగలకుండా 18 అంగుళాల టైర్లు తీసి 22 అంగుళాలవి వేయించాము. ఇంజనులో, కార్బురేటరులో లోపం లేదని, సెకండరీ క్లచ్ స్ప్రింగును ఒక రంధ్రం జరిపితే చాలని మెకానిక్కు అంటున్నారు. అలా చేస్తే వేగం తగ్గుతుందా? అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.

కర్నూలు వర్క్‌షాపు:
మీ మెకానిక్కు చెప్పిన దారి సరైనదే. ఈ బండిలో ఇంజను వైపు ప్రైమరీ క్లచ్, చక్రాల వైపు సెకండరీ క్లచ్ ఉంటాయి; ఒక్కొక్కటి రెండు పళ్లేల కప్పి, వాటి మధ్య తిరిగే బెల్టు పైకి ఎక్కడం, లోపలికి దిగడంతోనే గేరు మారుతుంది. ఇంజను వేగం పెరిగేకొద్దీ ప్రైమరీ క్లచ్‌లోని బరువులు వెలుపలికి తెరుచుకుని పళ్లేలను దగ్గరకు నొక్కుతాయి, అక్కడ బెల్టు పైకి ఎక్కుతుంది. బెల్టు పొడవు మారదు కనుక అది సెకండరీ పళ్లేలను విడదీసుకుంటూ లోపలికి దిగవలసి వస్తుంది. ఆ విడిపోవడాన్ని అడ్డగించేవి స్ప్రింగు, దానితోపాటు ఉండే ఏటవాలు క్యామ్. స్ప్రింగు కొనను పక్క రంధ్రంలోకి జరిపి మెలిక పెంచితే పళ్లేలు ఆలస్యంగా విడిపోతాయి, కాబట్టి బండి తక్కువ గేరులో ఎక్కువసేపు ఉంటుంది, ఇంజను కూడా బలమున్న వేగంలోనే తిరుగుతుంది. మరీ బిగిస్తే ఇంజను అరుస్తుంది, బెల్టు వేడెక్కుతుంది, పై వేగం తగ్గుతుంది. ఒక్క రంధ్రమే జరిపి చూడండి.

కడప నుంచి ఒక పాత మెకానిక్కు:
స్ప్రింగు జోలికి పోయేముందు అది పనికివచ్చే రోగమేనా అని చూడాలి, అన్నా. స్ప్రింగు గేరు మారే సమయాన్ని మార్చగలదు గానీ, అన్నిటికన్నా తక్కువ గేరును ఇంకా తగ్గించలేదు. మీ కొత్త టైర్ల వల్ల ప్రతి చుట్టుకు బండి సుమారు 22 శాతం ఎక్కువ దూరం పోతుంది, నేలమీద లాగే బలం 18 శాతం వరకు పడిపోతుంది. ఆ లోటును ఏ రంధ్రమూ పూర్తిగా పూడ్చలేదు.

తేల్చుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. సెకండరీ పళ్లెం లోపలి ముఖంపై అంచు నుంచి మధ్యకు మార్కరు పెన్నుతో ఒక గీత గీయండి. మిట్ట అడుగున బండి నిలిపి, లోడుతో నేరుగా ఎక్కించి, ఆగిన చోట చూడండి. గీత అంచు దగ్గర మాత్రమే చెరిగితే బెల్టు తక్కువ గేరు దాటనే లేదు, స్ప్రింగు మార్చినా ఫలితం ఉండదు. గీత లోతు వరకు చెరిగిపోయి ఉంటే గేరు ముందే మారిపోతున్నట్టు, అప్పుడు మెలిక పెంచవచ్చు.

బండి ఆగి ఉన్నప్పుడు బెల్టు సెకండరీ అంచుకు సమంగా ఉండాలి. లోపలికి కుంగి కనిపిస్తే బెల్టు అరిగి సన్నబడినట్టు. కొత్తది వేసేదాకా మిగతా సర్దుబాట్లన్నీ వృథా. దుకాణాలలో దొరికే పిండిమర బెల్టు పొడవు సరిపోయినా, వెడల్పు, పక్కల కోణం వేరు కనుక పనికిరాదు. క్యామ్‌పై జారే ప్లాస్టిక్ బిళ్లలు అరిగితే పళ్లెం పట్టుకుపోతుంది, వాటినీ చూడండి. మన ఎర్రదుమ్ముకు డీజిలుతో కడగడం షెడ్లలో అలవాటే గానీ, పళ్లేలపై నూనె జిడ్డు అంటితే బెల్టు జారుతుంది; ఇంజను చల్లారాక థిన్నరు తడిపిన గుడ్డతో తుడవండి.

అన్నిటికన్నా ముఖ్యం: ఈ రకం బండ్లలో చాలావాటికి పెడల్ తొక్కితేనే ఇంజను స్టార్టవుతుంది. తాళంచెవి బయటకు తీసి, బ్యాటరీ నెగటివ్ వైరు కూడా విప్పాకే బెల్టు దగ్గర చెయ్యి పెట్టండి.

చీనీతోట:
గీత దాదాపు లోతు వరకు చెరిగింది, బెల్టు మాత్రం అంచుకు సమంగానే ఉంది. ప్లాస్టిక్ బిళ్లలలో ఒకటి ఒక పక్క రేకులా పలచబడింది. ముందు బిళ్లలు మార్చాలా, రెండు పనులూ ఒకేసారి చేయించాలా?

కడప నుంచి ఒక పాత మెకానిక్కు:
బిళ్లలు జతగా అన్నీ మార్చి, స్ప్రింగును పాత రంధ్రంలోనే పెట్టి మిట్ట ఎక్కించి చూడండి, లేకుంటే దేనివల్ల బాగుపడిందో తెలియదు. విప్పేముందు పళ్లేలకు, క్యామ్‌కు కలిపి ఒక గుర్తు గీయండి, స్ప్రింగు కొనలు ఏ రంధ్రాలలో ఉన్నాయో ఫోటో తీసుకోండి. సర్క్‌లిప్ (క్యామ్‌ను పట్టి ఉంచే ఉంగరంలాంటి క్లిప్పు) తీసేటప్పుడు క్యామ్‌ను లోపలికి నొక్కి పట్టడానికి ఇంకొకరు ఉండాలి, లేదంటే స్ప్రింగు ముఖం మీదికి ఎగురుతుంది, కళ్లద్దాలు పెట్టుకోండి. వేగం సంగతికి వస్తే, గవర్నరు (వేగం హద్దు దాటకుండా ఆపే భాగం) ఉన్న బండిలో పై వేగాన్ని సాధారణంగా అదే ఆపుతుంది కనుక, ఒక రంధ్రం జరిపినంత మాత్రాన చదునుపై మీకు పెద్ద తేడా తెలియకపోవచ్చు.