వలందపాలెంలో వలలు లేవు

చిన్నప్పుడు వేసవి సెలవులకి బందరులో మా పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళేవాళ్ళం. వాళ్ళ ఇల్లు వలందపాలెంలో. బందరంటే సముద్రం, సముద్రమంటే చేపలు, చేపలంటే వలలు. అందుకని ఆ పేరు విన్నప్పుడల్లా దడుల మీద వలలు ఆరేసిన వీధి ఒకటి నా కళ్ళకి కట్టేది. తీరా వెళితే ఒక్క వలా లేదు. పెద్దమ్మని అడిగితే, "వలలు చూడాలంటే గిలకలదిండి పోవాలి నాన్నా, ఇక్కడెందుకుంటాయి?" అంది. మరి పేరెందుకలా ఉందంటే, "పేరు పేరే" అని ఊరుకుంది.

మొన్న పెద్దమ్మ మనవరాలి పెళ్ళి శుభలేఖలు అచ్చయి వచ్చాయి. చిరునామాలో "వలలపాలెం" అని ఉంది. టైపు చేసిన కుర్రాడు, ఇదేదో అచ్చుతప్పనుకుని దిద్దేశాడట. మూడొందల కార్డులు. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో కార్డు మీద రెండో "ల" కొట్టేసి పైన "ంద" రాస్తూ కూర్చుంది. పక్కన కూర్చుని నేనూ ఓ వంద దిద్దాను. ఆ పేరు సంగతి మన గుంపులో పెట్టాలని అప్పుడే అనుకున్నాను.

వలంద అంటే హాలండు. వలందపాలెం అంటే డచ్చివాళ్ళు ఉన్న పాలెం. 1605లో డచ్చి కంపెనీ ఓడ బందరుకి వచ్చింది. మరుసటి ఏడాదికల్లా గోల్కొండ సుల్తాను అనుమతితో అక్కడ వర్తకం పెట్టుకున్నారు. 1611లో ఇంగ్లీషువాళ్ళు దిగారు, వాళ్ళ గుర్తుగా ఇంగ్లీషుపాలెం ఉంది. 1669లో ఫ్రెంచివాళ్ళు వచ్చారు, వాళ్ళ పేరు మీద ఫ్రెంచిపేట ఉంది. మద్రాసు కోటకి పునాది పడడానికి పాతికేళ్ళకు పైగా ముందే మన బందరులో ఇంగ్లీషువాళ్ళు కాపురమున్నారు. వీటిలో ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచిపేట వినగానే అర్థమవుతాయి. వలందపాలెం ఒక్కటే మనకి అర్థం కాకుండా పోయింది. ఆ మాట మన నోట్లోంచి జారిపోయి, దాని చోట్లోకి ఇంగ్లీషు నుంచి "డచ్చి" వచ్చి కూర్చుంది. మనుషులు మరిచిపోయిన మాటని ఊరు అలాగే పట్టుకుని ఉంది.

బందరు మిత్రులు, తీరం ఊళ్ళవాళ్ళు తమకి తెలిసినవి చెప్పగలరు.

ఒక సభ్యుడి ప్రశ్న:

నమస్కారమండీ. హాలండులో మొదటి అక్షరం "హ" కదా. అది ఎలా పోయింది? "వ" ఎక్కణ్ణుంచి వచ్చింది? నాకు వల అనే అర్థమే సరిగ్గా అనిపిస్తోంది.

జవాబు:

మంచి ప్రశ్న అడిగారండీ, అసలు కిటుకంతా అక్కడే ఉంది. డచ్చివాళ్ళ కంటే ముందు ఈ సముద్రం మీద తిరిగింది పోర్చుగీసువాళ్ళు. రేవుల్లో దుబాసీలకి, వర్తకులకి అలవాటైన పరదేశి భాష వాళ్ళదే. పోర్చుగీసులో హాలండుని రాయడం "హ"తోనే రాస్తారు గానీ, ఆ "హ" పలకరు. నోటితో అనేది "ఒలాంద" అనే. అంటే "హ"ని పోగొట్టింది మనం కాదు, మన దాకా వచ్చేసరికే అది లేదు.

ఇక "వ" పూర్తిగా మనదే. ఒళ్ళు, వళ్ళు. ఒద్దు, వద్దు. ఒడ్డు, వడ్డు. "ఒ"తో మొదలయ్యే మాటకి ముందు "వ" చేరడం మన నోటికి పుట్టు అలవాటు. ఒలంద వలంద అయింది అలాగే. పొరుగు భాషలు కూడా చూడండి. తమిళులు ఒల్లాందర్ అన్నారు, మలయాళంలో లంతక్కార్ అన్నారు, సింహళంలో లందేసి అంటారు. ఎక్కడా "హ" లేదు.

ఆ పోర్చుగీసువాళ్ళకి మన పాత తెలుగులో పేరేమిటో తెలుసా? బుడతకీచులు. వాళ్ళు తమని తాము పిలుచుకునే మాట చివర "ష్" అని పలుకుతుంది. మన చెవికి అది "చు" అయింది. పుర్తుగేష్ కాస్తా బుడతకీచు. నాకు ఈ మాటంటే ఎంత ఇష్టమో చెప్పలేను. పుస్తకం చూడకుండా, ఎవరూ నేర్పకుండా, రేవులో మూటలు మోసేవాళ్ళు, పడవలు నడిపేవాళ్ళు చెవితో పట్టుకున్న మాట అది.

నరసాపురం నుంచి ఒక మేడమ్ రాసినది:

మీ పోస్టు చదివి ఒక్కసారి ఉలిక్కిపడ్డానండి. మా నరసాపురంలో గోదావరి ఒడ్డున వలంధర రేవు ఉంది. పుష్కరాలకి జనం మునిగేది అక్కడే. మా నాన్నగారు అది సంస్కృతం పేరనీ, ఏదో పురాణం సంగతనీ చెప్పేవారు. ఇది కూడా మీ వలందేనా?

జవాబు:

అవునండీ, అదే. పైగా మీది ఇంకా నిండుగా ఉంది. బందరులో దేశం పేరు మిగిలితే, మీ దగ్గర మనిషి పేరు మిగిలింది. హాలండువాణ్ణి వాళ్ళ భాషలో "హాలండర్" అంటారు. ఒలందర్, వలందర, వలంధర. ఆ "ధ"కి ఒత్తు మాత్రం తర్వాత ఎవరో పెద్దమనిషి పెట్టినది. జలంధరలాగా వినిపిస్తే రేవుకి గౌరవంగా ఉంటుందనుకున్నారేమో. మీ నాన్నగారి తప్పేమీ లేదు, ఆ ఒత్తు చూస్తే ఎవరికైనా పురాణమే గుర్తొస్తుంది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు మీ నరసాపురం, పాలకొల్లు చుట్టూ గట్టిగా వర్తకం చేశారు.

మీ పక్కనే మాధవాయిపాలెం ఉంది కదా. అక్కడ ఇంగ్లీషువాళ్ళ స్థావరం ఉండేది. అక్కణ్ణుంచి వెళ్ళిన తెల్లటి నూలుగుడ్డకి వాళ్ళు పెట్టిన పేరు మదపొలాం. ఇప్పటికీ బట్టల వ్యాపారంలో ఆ పేరు నడుస్తోంది. మనం వాళ్ళ దేశం పేరుని వలంద చేస్తే, వాళ్ళు మన ఊరి పేరుని గుడ్డ చేశారు. ఎవరి చెవి వాళ్ళది.

ఒక మాస్టారి అభ్యంతరం:

వలంద వరకు ఒప్పుకుంటాను. అయితే బందరులో పరాసుపేట కూడా ఉంది. దాన్ని కూడా కొందరు ఫ్రెంచివాళ్ళకి కట్టబెట్టడం నాకు నచ్చదు. గోల్కొండ కాలంలో బందరు నిండా ఇరానీ వర్తకులే. పరాసు అంటే పారసీకం కావచ్చు కదా?

జవాబు:

మాస్టారూ, మీ మాటలో బలముంది. అసలు "బందరు" అన్న పేరే పారసీకం. ఆ భాషలో బందర్ అంటే రేవు. ఇరాన్‌లో బందర్ అబ్బాస్ ఉంది, గుజరాత్‌లో పోర్‌బందర్ ఉంది. రేవు అధికారిని షాబందరు అనేవారు. మచిలీపట్నం అని కాగితాల మీద ఎంత రాసినా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ అది బందరే. విజయవాడలో ఉన్నది బందరు రోడ్డు, కృష్ణ నుంచి వచ్చేది బందరు కాలవ. బందరు రేవు అన్నామంటే రేవు రేవు అన్నట్టే. నడి సెంటరు అంటాం చూడండి, అలాగన్నమాట. ఇరానీల ముద్ర లేదని నేననను.

కాని పరాసు సంగతి వేరు. పాత తెలుగులో పరాసులంటే ఫ్రెంచివాళ్ళే. 1757 బొబ్బిలి యుద్ధం కథ చెప్పేవాళ్ళ నోట ఫ్రెంచి సేనాని బుస్సీ సేనలు పరాసులే, ఫ్రెంచివాళ్ళన్న మాట వినపడదు. మాట మారిన తీరు కూడా కుదురుతుంది. మన పల్లె నోటికి "ఫ" రాదు, "ప" అవుతుంది. "ఫ్ర" లాంటి జంట అక్షరం మధ్యలో అచ్చు దూరి "పరా" అవుతుంది. ముక్కుతో పలికే "న్" జారిపోతుంది. ఫ్రాన్స్ పరాసు కావడానికి ఇంతకంటే ఏం కావాలి? హైదరాబాదులో మూసారాంబాగ్ ఉందిగా, అది మెస్యూ రేమండ్ అనే ఫ్రెంచి సేనాని పేరని చెబుతారు. దొరగారి పేరుని మూసా రాముణ్ణి చేసుకున్న జనం పరాసుపేట పెట్టుకోవడంలో వింత లేదు.

1750లో ఫ్రెంచివాళ్ళు బందరుని చేతిలోకి తీసుకున్నారు. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు సేనాని కల్నల్ ఫోర్డు కోట పట్టుకోవడంతో వాళ్ళ పెత్తనం పోయింది. అయినా ఊళ్ళో చిన్న ముక్క ఒకటి మాత్రం ఫ్రాన్సు పేరనే ఉండిపోయింది. అది మన దేశానికి అప్పగించింది 1947 అక్టోబరులో. స్వాతంత్య్రం వచ్చిన రెండు నెలలకి! బందరు నడిబొడ్డున అప్పటిదాకా పరాసుల నేల ఉందంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

పెడన నుంచి ఒక చెల్లెలు రాసినది:

అన్నా, నాకు చరిత్ర తెలీదు గాని ఒక్క మాట. మా ఇంట్లో తాతల నాటి నుంచి కలంకారీ పనే. మా నాయనమ్మ ఎప్పుడూ కలంకారీ అనదు, అద్దకం అనే అంటుంది. "అద్దకపోళ్ళం" అంటుంది. కలం పట్టేది కాళహస్తిలో, మాదంతా అచ్చులే కదా. మరి మాకు ఈ పేరెలా వచ్చింది?

జవాబు:

చెల్లెమ్మా, నువ్వు చెప్పినదే అసలు మాట. కలం, కారీ రెండూ పారసీకం నుంచి వచ్చినవి. కొనేవాళ్ళ భాషలోంచి వచ్చిన పేరు అది. చేసేవాళ్ళ పేరు అద్దకం. మీ పని నేనొకసారి దగ్గరగా చూశాను. కరక్కాయ నీళ్ళలో, పాలలో తడిపి ఆరేసిన గుడ్డ బల్ల మీద పరిచారు. ఒకాయన టేకు అచ్చు రంగులో ముంచి, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో పైన ఒక్కటి గుద్దాడు. అచ్చు లేపి, పక్క పువ్వు అంచుకి వెంట్రుకవాసి తేడా లేకుండా మళ్ళీ ఆనించాడు. స్కేలు లేదు, గీత లేదు. నల్లరంగు ఏమిటని అడిగితే ఇనపతుక్కు, బెల్లం నానబెట్టిన నీళ్ళని చెప్పారు. ఆ పుల్లటి వాసన ఇంకా గుర్తుంది.

వలందులూ, పరాసులూ, ఇంగ్లీషువాళ్ళూ ఇంత దూరం వచ్చింది ఈ గుడ్డ కోసమే. పాత తెలుగులో దాని పేరు చీటిగుడ్డ. ఎరుపు కోసం చిరివేరు వాడేవారు, కృష్ణ దిగువ ఇసక నేలల్లో దొరికే వేరు. ఈ సరుకు మీద వర్తకం చేసుకోవడానికి 1632లో గోల్కొండ సుల్తాను ఇంగ్లీషువాళ్ళకి బంగారు ఫర్మానా ఇచ్చాడు, సుంకం బదులు ఏడాదికి 500 వరహాలు కట్టేట్టు. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. అయితే మీ నాయనమ్మ మాట కూడా ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఆవిడ చేత ఆ పని మాటలన్నీ చెప్పించి ఫోనులో రికార్డు చెయ్యమ్మా. అచ్చు పట్టే పద్ధతికి, ఉడకబెట్టే బానకి, ఆరేసే ఇసకకి, ప్రతిదానికీ మీ ఇళ్ళలో ఒక పేరుంటుంది.

మొదటి సభ్యుడు మళ్ళీ:

వల ఆశ వదులుకున్నానండీ. ఇంత పెద్ద రేవు ఎందుకు చితికిపోయింది మరి?

జవాబు:

కారణాలు చాలా ఉన్నాయి. అక్కడ ఒడ్డంతా బురద, లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరాన లంగరేసుకుంటే చిన్న పడవల మీద సరుకు చేరవేసేవారు. మేకు అన్నది లేకుండా పలకలని కొబ్బరి తాడుతో కుట్టిన పడవల్ని ఇంగ్లీషువాళ్ళు మసూలా పడవలన్నారు. మరమగ్గాల గుడ్డ వచ్చి చీటిగుడ్డని దెబ్బతీసింది. వర్తకం మద్రాసుకి మళ్ళింది.

వీటన్నిటి మీద 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చింది. సుమారు 30,000 మంది పోయారు. ఆ తర్వాత బందరు రేవు మునుపటిలా తేరుకోలేదు. మన కొత్త వార్తల భాషలో అన్నీ తుఫానులే అయిపోయాయి గాని, తీరం మనుషులకి ఆ రెండూ ఒకటి కాదు. తుఫాను గాలి పని, ఉప్పెన సముద్రం పని. 1977 నవంబరులో దివిసీమని ముంచింది ఉప్పెన. మా పెద్దమ్మ ఇప్పటికీ రేడియోలో తుఫాను అని వింటే, "గాలేనా, ఉప్పెన కూడానా?" అని అడుగుతుంది. ఆ తేడా తెలిసినవాళ్ళే మిద్దె ఎక్కాలో, ఊరొదిలి పోవాలో తేల్చుకోగలరు.

ఊరు మాత్రం ఊరుకోలేదు. 1902లో అక్కడ కృష్ణా పత్రిక మొదలైంది. 1923లో పట్టాభి సీతారామయ్య గారు అక్కడే ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 2023లో తపసిపూడి వైపు కొత్త ఓడరేవు పనులు మొదలయ్యాయి. రేవుతో పాటు కొత్త రోడ్లు, కొత్త కాలనీలు, కొత్త పేర్లు వస్తాయి. వాటి మాటెలా ఉన్నా వలందపాలెం, పరాసుపేట బోర్డుల మీద ఒక్క అక్షరం కూడా ఎవరూ దిద్దకూడదన్నది నా కోరిక. మొన్నటి శుభలేఖ చూశాక ఆ టెన్షన్ నాకు నిజంగానే పట్టుకుంది.

బందరులో డచ్చివాళ్ళ సమాధులు ఇంకా ఉన్నాయి. నల్లరాతి పలకల మీద వంశచిహ్నాలు, ఉబ్బెత్తుగా చెక్కిన అక్షరాలు. పెద్దయ్యాక ఒకసారి వెళ్ళి, ఒక పలక మీద వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. భాష రాదు, పేరు మాత్రం చదవగలిగాను. నాలుగడుగుల అవతల మేకలు మేస్తున్నాయి.

నరసాపురం మేడమ్ రాసినది:

వలంధర రేవు బోర్డు ఫొటో రేపు తీసి పెడతానండి. మీ పెద్దమ్మగారింటి పాత కాగితాల్లో పాలెం పేరు ఎలా రాశారో చూస్తారా? "వలందా" అని దీర్ఘంతో ఉందేమో చూడండి.

జవాబు:

తప్పకుండానండీ. దస్తావేజులు రేకు పెట్టెలో ఉన్నాయి, తాళం పెద్దమ్మ కొంగుకే ఉంటుంది. ఆదివారం వెళ్తున్నాను.